'ఢిల్లీ కార్డు'కు పైసా కట్టక్కర్లేదు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మా ఇల్లు టోలిచౌకిలో, పారామౌంట్ కాలనీ దగ్గర. మేడ మీద గదిలో సూడాన్ అమ్మాయి రెండేళ్లుగా అద్దెకు ఉంటోంది. ఇక్కడే డిగ్రీ చదువుతోంది, ఇంకో సెమిస్టర్ ఉంది. వాళ్ల ఊరు అల్ ఫాషిర్. యుద్ధంలో ఇల్లు పోయింది, తండ్రి ఆచూకీ తెలియడం లేదు. వచ్చే నెలాఖరుకు వీసా అయిపోతుంది. 60 వేలిస్తే ఢిల్లీ నుంచి శరణార్థి కార్డు తెప్పిస్తానని, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో కూడా రాసిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడట. 10 వేలు ఇప్పటికే ఫోన్‌పేలో పంపేసింది. ఇది నిజమేనా? ఆమెకు లాయరు ఎక్కడ దొరుకుతారు? గది అద్దెకిచ్చినందుకు నా మీద కేసవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచర్ గారూ, మిగతా 50 వేలు ఇవ్వకుండా ఆ అమ్మాయిని ఈ రోజే ఆపండి. 'ఢిల్లీ కార్డు' అని ఏజెంటు చెబుతున్నది యూఎన్‌హెచ్‌సీఆర్ అనే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చేది. పేరు నమోదుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, అరబిక్ దుబాసీకి గానీ, చివరికి కార్డుకు గానీ ఆ సంస్థ ఒక్క రూపాయి తీసుకోదు. అపాయింట్‌మెంట్ ఎలా తీసుకోవాలో వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

డబ్బు పోతుందన్న దానికంటే ఆ 'రాసిస్తాను' అన్న మాట నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఊరు పోయి, తండ్రి కనపడకుండా పోయిన పిల్లకు కట్టుకథ ఎందుకండీ? ఇలాంటి ఏజెంట్లు ఒకే కథను పేర్లు మార్చి పదిమందికి అమ్ముతారు. లేని అరెస్టు ఒకటి చేర్చి, ఆ రోజు ఎక్కడున్నావని అధికారి అడిగినప్పుడు తడబడితే, జరిగిన నిజాన్ని కూడా నమ్మరు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకతని విషయంలో అచ్చం ఇలాగే అయింది. అతని అసలు కష్టం చాలు, దరఖాస్తు నిలబడేది. కలిపిన అబద్ధం దాన్ని ముంచింది. తిరస్కరించారన్న కాగితం పట్టుకుని వచ్చాడు. అప్పీలు గడువు దాటిపోయింది.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. టిబెటన్ల విషయం, శ్రీలంక తమిళుల విషయం ప్రభుత్వమే చూస్తుంది. సూడాన్ వంటి దేశాలవాళ్ల దరఖాస్తులను ఢిల్లీలోని యూఎన్‌హెచ్‌సీఆర్ పరిశీలిస్తుంది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం, వీటిలో ఏదో ఒక కారణంగా తిరిగి వెళ్తే హింసిస్తారన్న భయానికి ఆధారం ఉందా అని చూస్తారు. దేశమంతా చెలరేగిన హింస వల్ల ప్రాణాపాయం ఉన్నవాళ్లనూ పరిగణిస్తారు.

'నేను పారిపోయి రాలేదు, చదువుకోవడానికి వచ్చాను, నాకు ఇస్తారా' అని ఆమె అనుకుంటుండొచ్చు. ఇవ్వొచ్చు. వచ్చాక దేశం పరిస్థితి మారినా అడగొచ్చు. సూడాన్‌లో యుద్ధం మొదలైంది 2023 ఏప్రిల్ 15న. అల్ ఫాషిర్ నగరం, అక్కడి సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళాల చేతికి చిక్కింది 2025 అక్టోబరులో. ఆ నగరం తనదని చూపించే ఏ కాగితమైనా, పాత స్కూలు సర్టిఫికెట్ అయినా, ఇంటివాళ్ల వాట్సాప్ మెసేజ్ అయినా, పారేయొద్దని చెప్పండి. ఎప్పుడు ఏం జరిగింది, ఎవరు చెప్పగా తెలిసింది అన్నది వరుసగా తేదీలతో తన భాషలోనే రాసుకోమనండి. తేదీ గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయాలి.

ఇక లాయరు సంగతి. ఇంటర్వ్యూలో ఆమె బదులు లాయరు మాట్లాడరు. లాయరు చేసే పని అంతకుముందు ఉంటుంది: ఆమె చెప్పేదంతా విని వాంగ్మూలాన్ని క్రమంలో పెట్టడం, సాక్ష్యం ఎక్కడ తక్కువైందో చూడటం, లిఖితపూర్వకంగా వాదన పంపడం. తిరస్కరిస్తే గడువులోగా అప్పీలు వేయాలి. ఆ కాగితం చేతికొచ్చిన రోజే లాయరుకు చూపించాలి, నెల తర్వాత కాదు. ఆడ అధికారి, ఆడ దుబాసీ కావాలని ఆమె ముందే అడగొచ్చు. చెప్పిన విషయాలు సూడాన్ ఎంబసీకి చేరవు, ఆ భయం పెట్టుకోవద్దు.

లాయరు ఫీజు కట్టే స్తోమత ఆమెకు లేదు కదా అని దిగులుపడకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. అందులో 'వ్యక్తి' అన్నారే గానీ 'పౌరుడు' అనలేదు. కౌంటర్‌లో ఎవరైనా 'ఫారినర్లకు ఉండదమ్మా' అంటే ఆ సెక్షన్ చూపించి, దరఖాస్తు తీసుకుని రసీదు ఇమ్మనండి. 'ఇది కోర్టు కేసు కాదుగా' అంటే, అదే చట్టంలో న్యాయసేవ అన్న మాటకు సలహా ఇవ్వడం కూడా వస్తుందని చెప్పండి. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసాయం అందించే న్యాయసేవా సదన్‌కు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆమెతోపాటు చదివే సూడాన్ అబ్బాయిలకైతే వాదన కొంచెం వేరు. అదే సెక్షన్‌లో జాతుల మధ్య హింస బాధితులు ఉన్నారు, నిర్బంధంలో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏ లాయరు దగ్గరికి వెళ్లినా బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగడం తప్పు కాదు. ఒరిజినల్ పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు.

వీసా విషయంలో ఆలస్యం చేయకండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు వీసా కాదు. అది ఉంది కదా అని వీసాను వదిలేస్తే, 2025 ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కింద గడువు దాటి ఉన్నందుకు 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఆమెకు ఇంకో సెమిస్టర్ ఉందన్నారు. కాలేజీ నుంచి బోనఫైడ్ తీసుకుని, ఈ వారంలోనే విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వాళ్ల ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో పొడిగింపుకు దరఖాస్తు పెట్టించండి. శరణార్థి దరఖాస్తు దాని దారిన అది నడుస్తుంది.

రేపు పంపించేస్తామని నోటీసు వస్తే? అప్పుడు హైకోర్టే దిక్కు. చట్టం ముందు సమానత్వం, ప్రాణరక్షణ గురించి చెప్పే రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ఏడుగురు ఢిల్లీ వెళ్లి యూఎన్‌హెచ్‌సీఆర్‌ను కలవడానికి 2021లో మణిపూర్ హైకోర్టు దారి ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను: అదే ఏడాది రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, ఈ దేశంలో ఉండిపోయే హక్కు పౌరులదే అంది. అయితే నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదని కూడా అంది. అందుకే ముందు నుంచీ ఒక లాయరు చేతిలో ఫైలు ఉండాలంటున్నాను.

మీ సంగతికి వస్తే, విదేశీయులకు ఇల్లు అద్దెకివ్వడం నేరం కాదు. వచ్చిన 24 గంటల్లో ఆ వివరం ఆన్‌లైన్‌లో తెలపాలి. జనం ఫారం సి అనేది దాన్నే. రెండేళ్ల కిందట మీరు పెట్టి ఉంటే ఆ కాపీ తీసి దగ్గర పెట్టుకోండి. పెట్టకపోతే ఇప్పుడైనా పెట్టండి. ఎందుకు ఆలస్యమైందో ఒక కాగితం మీద నిజం రాసి జతచేయండి. భయపడి ఆమెను ఖాళీ చేయించకండి. చిరునామా పోతే కాలేజీకి, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, ఢిల్లీకి ఆమె ఇచ్చిన కాగితాలన్నీ తప్పవుతాయి.

పంపిన 10 వేలకు ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఏజెంటు మెసేజ్‌లు భద్రం చేసుకోమనండి. మోసం చేశాడని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. స్టేషన్‌కు వెళ్లడానికి ఆ అమ్మాయి జంకుతుంది, నాకు తెలుసు. వీసా చెల్లుతున్న ఈ నెలలోనే, మీరు పక్కన ఉండి తీసుకెళ్లండి.