అల్లుడా, ఆ ఎడిటింగ్ జోలికి మాత్రం పోకు

అల్లుడా,

గల్ఫ్ వీసా కోసం చేయించుకున్న మెడికల్ రిపోర్టు రాత్రి వాట్సాప్‌లో పెట్టావు కదా, జూమ్ చేసి రెండుసార్లు చూశాను. ఫిట్ అని వచ్చింది, అసలు కష్టం అక్కడే అయిపోయింది. పాస్‌పోర్టు నంబరులో 3 ఉండాల్సిన చోట 8 పడింది, పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయి. ఇంత దానికి నువ్వు తిండి మానేసి, మీ అమ్మకు కూడా టెన్షన్ అంటించావట, పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

ఏజెంటు మూడు వేలు ఇస్తే ఎడిట్ చేసి కొత్త ప్రింటు తీసిస్తానన్నాడని రాశావు చూడు, అది చదివి నాకు మండింది. ప్రింటు దిద్దితే ఏమొస్తుంది? మెడికల్ సెంటర్ వాళ్లు ఎక్కించిన వివరాలు గల్ఫ్ పోయేవాళ్ల మెడికల్ నడిపే వాఫిద్ సైట్‌లో ఉంటాయి (మా కాలంలో గమ్కా అనేవాళ్లం, ఊళ్లో ఇప్పటికీ అదే పేరు), వీసా స్టాంపింగ్‌కు సరిచూసేది వాటినే. నీ చేతిలో 3, సైట్‌లో 8 ఉంటే అది ఇక అచ్చుతప్పు కాదు, దొంగ కాగితం. సెంటర్ వాళ్లు చేసిన పొరపాటును మూడు వేలు పెట్టి నీ నేరంగా కొనుక్కుంటావా?

ముందు తప్పు ఎక్కడ పుట్టిందో చూడు. దేవరకొండలో ఇంటర్నెట్ షాపు పిల్లగాడితో తీయించిన అపాయింట్‌మెంట్ స్లిప్పు పడేయలేదు కదా? దాన్నీ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున బాణాల్లాంటి గుర్తులతో రెండు వరుసలుంటాయి. రెండో వరుస మొదట్లోనే నీ నంబరు, ఒక అక్షరం, ఏడు అంకెలు. కొంచెం ముందుకు పోతే ఐఎన్‌డీ అనే మూడు అక్షరాలు, వాటి పక్కనే పుట్టిన తేదీ, ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. పై వరుసలో ఇంటిపేరు ముందు వస్తుంది, నీ పేరు తర్వాత. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదువు, పక్కన చెల్లెను కూర్చోబెట్టి రిపోర్టు చదివించు. మన తప్పు మన కంటికి ఆనదు.

స్లిప్పులో సరిగ్గానే ఉండి రిపోర్టులో తప్పుంటే అది సెంటర్ కౌంటర్లో పుట్టింది, వాళ్లే దిద్దాలి. స్లిప్పులోనే తప్పుంటే కొంచెం తిప్పలు, వాళ్లు దిద్దగలిగితే దిద్దుతారు, లేదంటే కొత్త స్లిప్పు తీసుకోమంటారు, డబ్బులు పోతాయి, పోనీ. పోయేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు, స్లిప్పు, కట్టిన రసీదు, తప్పుల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టిన ఒక జిరాక్సు పట్టుకుపో. ఫోన్లో అడిగితే రేపు మాపు అంటారు, మనిషి ఎదురుగా నిలబడితేనే పని కదులుతుంది. కేకలేయకు, అట్లని చేస్తాం పో అనగానే బస్సెక్కి రాకు. వాళ్లు మార్చాక అక్కడే బెంచీ మీద కూర్చుని నీ ఫోన్లో పాస్‌పోర్టు నంబరు కొట్టి చూసుకో, సరైన నంబరు మీద ఫిట్ అని కనిపించాకే లేవాలి. అదే చూపులో వీసా కాపీలో రాసిన పనీ, రిపోర్టులో రాసిన పనీ ఒకటేనా అని కూడా చూడు, మేస్త్రీ వీసాకు డ్రైవర్ అని ఉంటే దానికోసం మళ్లీ ఇంకో రోజు పోవాలి.

నాకు జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. రెండోసారి సౌదీ పోయేటప్పుడు నన్ను అన్‌ఫిట్ అన్నారు, కామెర్ల వైరస్, హెపటైటిస్ బీ ఉందని. ఇంట్లో చావు కబురు వచ్చినట్టయింది. మూడు రోజులు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నా, నాలుగో రోజు బ్లడ్ గ్రూప్ దగ్గర కన్ను ఆగింది. బీ పాజిటివ్ అని ఉంది. నాది ఓ పాజిటివ్, నల్గొండలో రక్తం ఇచ్చినప్పుడు ఇచ్చిన కార్డు పెట్టెలో ఉంది. ఆ రోజు లైన్లో నా పేరుతోనే ఇంకొకడున్నాడు. జాన్‌పహాడ్ దర్గా సైదన్న దయవల్ల మన దిక్కు సైదులూ అని పిలిస్తే సగం మంది తిరిగి చూస్తారు కదా! కార్డు పట్టుకుపోయి చూపిస్తే ముందు కసురుకున్నారు, తర్వాత పెద్ద డాక్టరు చూసి మళ్లీ రక్తం తీయించాడు, నెగెటివ్ వచ్చింది. ఆ రెండోవాడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ పాపమనిపిస్తుంది, వాడు ఎంత సంబరపడి ఉంటాడో. అప్పటి నుంచి సూది గుచ్చకముందే ట్యూబు మీద అంటించిన స్టిక్కరు చదువుతాను, పేరు కాదు, పాస్‌పోర్టు నంబరు. నర్సులు నవ్వుతారు, నవ్వనీ.

మీ దోస్తు ఎక్స్‌రే గురించి కూడా అడిగావు. వాడికి చిన్నప్పుడు టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు మింగి తగ్గిందన్నావు. జబ్బు పోయినా ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలితే గల్ఫ్ దేశాలు అన్‌ఫిట్ కిందే రాస్తాయి. అది రాతలో తప్పు కాదు, కొట్లాడి దిద్దించేది కాదు. ఫిట్ చేయిస్తానని ఎవడన్నా ముప్పై వేలు అడిగితే ఇవ్వొద్దని గట్టిగా చెప్పు, సౌదీలో దిగాక ఇఖామాకు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డుకు, మళ్లీ మెడికల్ ఉంటుంది, అక్కడ దొరికితే తిరుగు విమానమే. కాకపోతే మెడలో తాయత్తో చైనో తీయకుండా నిలబడితే దాని నీడ కూడా పడుతుంది. అలాంటిదేమన్నా అయి ఉంటే మళ్లీ ఎక్స్‌రే తీయమని అడగొచ్చు, ముందు ఆ సంగతి గుర్తు చేసుకోమను.

ఇంకొకటి, ఆ ఏజెంటు. ప్రభుత్వ లైసెన్సు ఉన్నవాడైతే సర్వీసు చార్జీ ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. వాడి పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడు, లేకపోతే హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ ఆఫీసు ఉంది, మన రాష్ట్ర ప్రభుత్వానిదే, అక్కడికి పోయి అడుగు. దొంగ ప్రింటు ఇస్తానన్నవాడి దగ్గర నీ పాస్‌పోర్టు ఒక్క రాత్రి కూడా ఉంచకు.

ఈ రిపోర్టుకు గడువుంది, దసరా అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. రేపు తెల్లారగట్ల మాల్ ఊరి మీదుగా పోయే మొదటి బస్సెక్కు, సెంటర్ తలుపు తీసేసరికి అక్కడుండు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే. సైట్‌లో నంబరు మారిన స్క్రీన్‌షాట్ నాకు పంపు, ఈసారి కొంచెం వెలుతురులో తీసి పంపు.

మీ మామ