నల్లమలలో పులి కనిపిస్తుందా? ఎప్పుడు వెళ్తే మంచిది?

టీవీలో అమెజాన్ చూసిన పిల్లలు, నది పక్కన అలాంటి అడవి మన దగ్గర ఉందా, వెళ్తే పులి కనిపిస్తుందా అని అడుగుతున్నారని రాశారు. మాది అచ్చంపేట. చిన్నప్పటి నుంచి ఈ అడవి అంచునే ఉన్నాం కాబట్టి తెలిసింది చెప్తాను.

కృష్ణ పక్కనే ఉన్నా నల్లమల వానాడవి కాదు. తునికి, మద్ది, ఇప్ప, అన్నీ ఎండాకాలానికి ఆకు రాల్చేస్తాయి. జంతువుల్ని చూడాలనుకునేవాళ్లకు అదే మంచిది. అమెజాన్‌లో ఆకుల చాటున జంతువు కనపడడమే కష్టం. ఇక్కడ మార్చి దాటితే చెట్ల మధ్య దూరం వరకు చూపు పోతుంది. వాగులు ఎండిపోతాయి కనుక దుప్పులు, మనుబోతులు, అడవిపందులు అటవీశాఖ నింపే సాసర్ పిట్ల (పళ్లెంలాంటి నీటి తొట్ల) దగ్గరికి వస్తాయి. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ చెట్ల కిందికి చేరతాయి. ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది, పిల్లలకు టోపీలు, నీళ్లు మరవద్దు. పచ్చదనం, మల్లెలతీర్థం జలపాతం కావాలంటే వానలయ్యాక రండి, అప్పుడు జంతువుల మీద ఆశ తగ్గించుకోవాలి. నడి వానాకాలంలో సఫారీ ఆపేస్తారు.

పులి సంగతి. నల్లమలలో తెలంగాణ వైపున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, పులులు తక్కువ. కనిపిస్తుందని ఎవరు మాటిచ్చినా నమ్మకండి. అక్కడి ఫరహాబాద్ సఫారీలో ఒకసారి మా వెంట ఉన్న చెంచు గైడ్ జీపు ఆపించి దారి పక్క మెత్తటి దుమ్ము చూపించాడు. వెడల్పాటి మడమ, నాలుగు వేళ్లు, గోరు గుర్తు లేదు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందట. పక్కనే రేచుకుక్క అడుగులో గోళ్లు స్పష్టంగా దిగి ఉన్నాయి. అంతలో పైనుంచి కొండముచ్చు ఖక్ ఖక్‌మని అరిచింది, కింద మేస్తున్న దుప్పులన్నీ ఒక్కసారిగా తలెత్తి ఒకే దిక్కు చూశాయి. కొండముచ్చు పైనుంచి తుంచి పడేసే ఆకుల కోసం దుప్పులు ఆ చెట్ల కిందే తిరుగుతాయి, ప్రమాదం వస్తే ఒకరి కేకతో ఇంకొకరు తప్పించుకుంటారు. పులి బయటికి రాలేదు. కానీ అది అక్కడే ఎక్కడో ఉందని మా అందరికీ తెలిసిపోయింది. పిల్లలకు ఇది చూపించండి. అందుకే గైడ్‌ను అడగడానికి మొహమాటపడొద్దు, ఈ అడవిని చెంచులు చదివినట్టు ఇంకెవరూ చదవలేరు.

నది కోసమైతే కొల్లాపూర్ దగ్గరి సోమశిల. నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో అక్కడి నుంచి శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది, రెండు వైపులా నల్లమల కొండలే. ఆ నీళ్లలో మొసళ్లుంటాయి, పిల్లల్ని ఒడ్డున దిగనివ్వకండి.

ఒక్కటి బతిమాలి చెప్తున్నా. శ్రీశైలం రోడ్డు మీద కారు ఆపి కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేయకండి. తిండి కోసం అవి అడవి వదిలి రోడ్డు మీదే కూర్చుంటున్నాయి, బండ్ల కింద పడి చస్తున్నాయి. ఆ నలిగిన కోతిపిల్లల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

హైదరాబాద్ నుంచి అడవి మొదలయ్యే మన్ననూర్ సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి చెక్‌పోస్టు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు. తెల్లవారి సఫారీ కావాలంటే ముందు రోజు సాయంత్రానికే వచ్చి మన్ననూర్‌లో ఉండండి, గదులు ముందే బుక్ చేసుకోవాలి.