హాలండ్ నుంచి ఓడెక్కి వచ్చిన మా ఓనరమ్మ కథ

"1950లలో యూరప్ నుంచి ఆస్ట్రేలియాకి వలస వచ్చిన మామూలు కుటుంబాలు ఎలా బతికాయి? మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు కదా. నాకు తెలిసింది ఒక్క మనిషే. కానీ ఎనిమిదేళ్ళు ఒకే పెరట్లో ఉన్నాం కాబట్టి ఆ ఒక్కరి గురించీ బాగానే తెలుసు.

2013లో మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఒక డచ్ పెద్దావిడ ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకి దిగాం. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అంటే ఆవిడకి నచ్చలేదు. చివరికి మనవలు పిలిచినట్టే 'ఓమా' అని పిలవడం మొదలుపెట్టాను. వాళ్ళ భాషలో అమ్మమ్మకీ నానమ్మకీ అదే మాట.

మొదటిరోజు పొద్దున పదింటికి కాఫీకి పిలిచింది. రేకు డబ్బా మూత తీసి నాకొక బిస్కెట్, తనకొక బిస్కెట్ తీసి, టప్పున మూత పెట్టేసింది. అంతే. మాది బందరు. ఇంకోటి తీసుకోమని మూడుసార్లు అడగకపోతే వచ్చినవాళ్ళు ఊరంతా చెప్పుకునే ఊరు. ఇంటికొచ్చి మా ఆయనతో "ఎంత పిసినారో!" అన్నాను. డచ్చివాళ్ళ ఇళ్ళలో కాఫీకి ఒక బిస్కెట్ అనేది లోకమంతా నవ్వుకునే అలవాటని తర్వాత తెలిసింది.

ఆవిడ బంగాళాదుంప చెక్కు తీయడం చూశాక ఆ మాట అన్నందుకు సిగ్గేసింది. చెక్కు ఎంత పల్చగా తీసేదంటే, వెలుతురుకి పెడితే అవతలి కిటికీ కనపడేది. పొడుగు కాడకి చిన్న రబ్బరు ముక్క తగిలించిన ఒక పనిముట్టు ఉండేది. సీసా అడుగున మిగిలిన పెరుగో జామో దాంతో గీకి తీసేది. ఆ సామాను వాళ్ళ దేశంలో ప్రతి వంటింట్లోనూ ఉంటుందట. కానీ ఓమా గీకే తీరు వేరు. గీకిన సీసాని మళ్ళీ ఒకసారి ఎత్తి చూసేది.

ఆవిడ పుట్టింది 1936లో, రోటర్‌డామ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మే 14న జర్మన్ విమానాలు ఆ ఊరి నడిబొడ్డు మీద బాంబులు వేశాయి. సుమారు 80 వేల మందికి ఇళ్ళు పోయాయి, వాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. ఆవిడకి గుర్తున్నదల్లా ఆకాశం నుంచి కాలిన కాగితం ముక్కలు రాలడం. నల్లమంచు అనుకుందట.

అసలు కష్టం 1944 చివర్లో మొదలైంది. ఇంగ్లండ్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వం పిలుపు మీద రైల్వేవాళ్ళు సమ్మె చేశారు. దానికి కక్షగా, దేశాన్ని ఆక్రమించి ఉన్న జర్మన్లు పడమటి ఊళ్ళకి తిండి రాకుండా ఆపారు. ఆపైన కాలవలు గడ్డకట్టే చలి. దాదాపు 20 వేల మంది ఆకలికి చచ్చిపోయిన ఆ కాలాన్ని వాళ్ళు 'హొంగర్‌వింటర్' అంటారు, ఆకలి చలికాలం అని. వాళ్ళమ్మ పెళ్ళినాటి దుప్పట్లు సైకిల్‌కి కట్టుకుని, పల్లెల్లో రైతుల దగ్గర బంగాళాదుంపలకి మార్చుకుని వచ్చేది. సైకిల్‌కి రబ్బరు టైర్లు లేవు, చెక్క చక్రాలే. దుప్పట్లు అయిపోయాక తులిప్ గడ్డలు తిన్నారు. ఉల్లిపాయలాగే పొరలు తీసి, మధ్యలో ఉన్న పసుపుపచ్చ మొలకని తప్పకుండా తీసెయ్యాలట, అది మంచిది కాదని. అందుకేనేమో, ఎవరైనా తులిప్ పూలు తెచ్చిస్తే థాంక్స్ చెప్పి వరండాలో పెట్టేసేది, లోపలికి తెచ్చేది కాదు.

ఆ చలికాలంలోనే ఊళ్ళో పిల్లల్ని కొందరిని పడవల్లో ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ రైతుల ఇళ్ళకి పంపించారు. ఎనిమిదేళ్ళ ఓమా అలా వెళ్ళి, తెలియని ఇంట్లో, సగమే అర్థమయ్యే భాష మధ్య, కడుపునిండా పాలు తాగింది. యుద్ధం అయ్యాక తిరిగొస్తే వాళ్ళమ్మ గుర్తుపట్టలేదని చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది. "లావయ్యాను కదా!" అనేది.

ఇక వలస సంగతి. యుద్ధం తర్వాత ఆ దేశంలో ఇళ్ళు లేవు. ఏడుగురూ పిన్ని ఇంట్లో రెండు గదుల్లో సర్దుకున్నారు. 1950లో ప్రధాని విల్లెమ్ డ్రేస్ కూడా, మనవాళ్ళలో కొంతమంది ధైర్యం చేసి బయటి పెద్ద దేశాల్లో బతుకు వెతుక్కోవాలని చెప్పాడు. సొంత ప్రభుత్వమే వెళ్ళండి అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. 1951లో ఆస్ట్రేలియాతో ఒప్పందం కుదిరింది. దారిఖర్చుల్లో సాయం చేస్తారు, బదులుగా రెండేళ్ళు చెప్పిన చోట పనిచెయ్యాలి. కెనడా, అమెరికా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా అన్నీ కలుపుకుంటే, యుద్ధం అయిన తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ చిన్న దేశం నుంచి సుమారు 5 లక్షల మంది వెళ్ళిపోయారు.

వాళ్ళ నాన్న వడ్రంగి. వెంట తెచ్చుకునే డబ్బు మీద ఆంక్షలు ఉండడంతో, ఉన్నదంతా సామానుగా మార్చి పెద్ద చెక్కపెట్టెలో సర్ది, 'యోహాన్ ఫాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్' అనే ఓడెక్కారు. ఎక్కేటప్పుడు చలికాలం. సూయజ్ మీదుగా ఐదు వారాలు ప్రయాణం చేసి, 1952 మొదట్లో మెల్‌బోర్న్‌లో స్టేషన్ పియర్ అనే ఓడరేవులో దిగేసరికి మండే ఎండ. ఉన్ని కోట్లతోనే దిగారు, వేరే బట్టలు పెట్టె అడుగున ఉన్నాయి. ఆ ఓడ తర్వాత పేరు మార్చుకుని 'లకోనియా' అయి, 1963 డిసెంబరులో మదైరా దీవుల దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కాలిపోయింది. పేపర్లో ఆ ఫొటో చూసి వాళ్ళమ్మ మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తిరిగి వెళ్ళాల్సి వస్తే ఆ ఓడలోనే అని ఆవిడ మనసులో పెట్టుకుందేమో అనేది ఓమా.

దిగినవాళ్ళని దిగినట్టే రైలెక్కించి బొనెగిల్లా క్యాంపుకి పంపారు. అది పాత మిలిటరీ క్యాంపు. 1947 నుంచి 1971 దాకా మూడు లక్షల మందికి పైగా వలసవాళ్ళు దాని గుండా వెళ్ళారు. రేకుల షెడ్లు, మూడుపూటలా గొర్రెమాంసం. చచ్చేదాకా ఓమా ఆ వాసన భరించలేకపోయింది. మేం మటన్ వండిన రోజు ఆవిడ వంటింటి కిటికీ మూసి ఉండేది, మాకు అర్థమైపోయేది. వాళ్ళ నాన్నని గిప్స్‌లాండ్ వైపు కరెంటు ప్లాంటు పనులకి పంపితే, కుటుంబం కొన్ని నెలలు క్యాంపులోనే ఉంది. తర్వాత స్థలం కొని ముందు గ్యారేజీ కట్టి, అందులో రెండేళ్ళు ఉండి, ఆ పక్కన ఇల్లు కట్టుకున్నారు. తెచ్చుకున్న చెక్కపెట్టె పలకలే ఆ గ్యారేజీకి తలుపు అయ్యాయి.

వాళ్ళమ్మకి మాత్రం ఈ దేశం పట్టలేదు. ఇంటి బెంగకి డచ్‌లో 'హేమ్‌వే' అనే మాట ఉంది. అది జబ్బు పేరులాగే వాడతారు. మనం శుభలేఖకి పసుపు పెట్టినట్టు, వాళ్ళ చావు కబురు కవరుకి చుట్టూ నల్ల అంచు ఉండేది. పోస్ట్‌మాన్ దాన్ని మిగతా ఉత్తరాల అడుగున దాచి తెచ్చేవాడట. అమ్మా నాన్నల చావులు రెండూ ఆ తల్లి అలానే తెలుసుకుంది.

ఓమా పెళ్ళి 1957లో, ఇక్కడికే వలస వచ్చిన డచ్ కుర్రాడితో. ముగ్గురు పిల్లలు. పెద్దాడిని బడిలో వేసినప్పుడు టీచరు, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వెనకబడతాడు" అని చెప్పింది. ఆ రోజు సాయంత్రం నుంచే ఇంట్లో డచ్ మాట్లాడడం మానేశారు. మొగుడూ పెళ్ళాం కూడా, వాళ్ళలో వాళ్ళు కూడా. ఒక్కరోజులో అలా ఎలా మానేశారని నేను అడిగితే ఆవిడకి నా ప్రశ్నే అర్థం కాలేదు. డచ్చివాళ్ళని ఇక్కడ 'కనపడని వలసవాళ్ళు' అనేవారు, అంత తొందరగా కలిసిపోయారని. అదేదో మెచ్చుకోలుగా ఆవిడ చెప్తుంటే నాకు మాత్రం లోపల గుచ్చుకునేది. అప్పటికే మా పాప నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది.

2018 నుంచి మతిమరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత ఇంగ్లీషే పోయింది. మతిమరుపు జబ్బు వచ్చిన వలసవాళ్ళలో ఇది చాలామందికి జరుగుతుంది, చివర నేర్చుకున్న భాష ముందు పోతుంది. ఓమాని చేర్చిన కేర్ హోమ్‌లో డచ్ తెలిసినవాళ్ళు లేరు. ఆవిడ ఏదో గొణుగుతోందని రాసుకున్నారు. గొణుగుడు కాదు, శుభ్రమైన రోటర్‌డామ్ భాష. పిల్లలు ముగ్గురూ అరవై దగ్గరపడ్డవాళ్ళు, తల్లి ఏమంటోందో తెలియక మంచం పక్కన కూర్చునేవాళ్ళు. నేను ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి వినేదాన్ని. ఒకరోజు అది సరిగ్గా పట్టుకుంది: "అమ్మ సైకిల్ వచ్చిందా?"

ఆవిడ 2021లో పోయింది. తర్వాత వాళ్ళమ్మాయి కుటుంబ చరిత్ర వెతుకుతానంటే నేనూ కూర్చున్నాను. ఎవరికైనా ఇలాంటి పని ఉంటే ఒకటి చెప్తాను, డచ్ రికార్డులు వెతకడం మనవాటికన్నా వంద రెట్లు తేలిక. నెపోలియన్ కాలంలో, 1811 నుంచి, పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ రాసిపెట్టారు. ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా రికార్డుల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు. మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు కోసం నేను ముగ్గురికి ఫోన్ చేయాల్సొచ్చింది. పెళ్ళినాడు ప్రభుత్వం ఇచ్చే చిన్న పుస్తకం, 'ట్రౌబుక్యె', ఓమా తల్లిది దొరికింది. అందులో తల్లిదండ్రుల పేర్లు, ఐదుగురు పిల్లల పుట్టినరోజులు ఉన్నాయి. అన్నట్టు, బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది, ఒకప్పుడు అక్కడ వర్తకం చేసిన హాలండు వాళ్ళ మీద వచ్చిన పేరది. ఆ సంగతి చెప్తే ఓమా నమ్మలేదు, మ్యాప్ తెచ్చి చూపిస్తేగానీ.

వాళ్ళమ్మాయి నాకు ఇచ్చింది పుట్టినరోజుల క్యాలెండర్. డచ్చివాళ్ళు దాన్ని బాత్రూమ్‌లో తగిలిస్తారు, రోజూ కంటపడుతుందని. వారాలు ఉండవు, తేదీలే, కాబట్టి ఎన్నేళ్ళైనా పనికొస్తుంది. పోయినవాళ్ళ పేరు పక్కన చిన్న శిలువ గుర్తు వేసేది ఓమా. ఆగస్టు 19 దగ్గర మా పాప పేరు ఉంది, ఒక అక్షరం తప్పుగా. బాత్రూమ్‌లో పెట్టడానికి మా ఆయన ఒప్పుకోలేదు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన తగిలించాం.