24 సెంట్లు కట్టిన పాత ఉత్తరం మీద ఎర్ర 19 ఎందుకు?

1853లో న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లిన ఉత్తరం మీద పెన్నుతో 'పెయిడ్ 24' అని, పక్కన ఎర్ర సిరాలో 19 అని ఉంది, 5 సెంట్లు తక్కువ పడ్డాయా అని అడిగారు. లేదండీ, పూర్తిగా చెల్లించిన ఉత్తరమే.

1849 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన అమెరికా-బ్రిటన్ తపాలా ఒప్పందం ప్రకారం అర ఔన్సుకు 24 సెంట్లు. అందులో 5 అమెరికా లోపలి రవాణాకి, 16 సముద్రానికి, 3 బ్రిటన్ లోపలికి. మీ ఉత్తరాన్ని మోసింది బ్రిటిష్ తపాలా కాంట్రాక్టు ఉన్న ఓడ, అంటే కునార్డ్ కంపెనీ వాళ్లది. అందుకే 16+3 బ్రిటన్ వాటా. ఆ 19 రెండు తపాలా శాఖల మధ్య లెక్క మాత్రమే. కాలిన్స్ కంపెనీ లాంటి అమెరికన్ వాళ్ల ఓడ అయితే ఎర్ర 3 ఉండేది.

ముందు రంగు చూడండి. ఎరుపంటే కట్టేసినది, నలుపంటే బాకీ. నల్ల 5 (బ్రిటిష్ ఓడ) లేదా నల్ల 21 (అమెరికన్ ఓడ) ఉంటే అది అమెరికాకి రావాల్సిన వాటా, లండన్‌లో అందుకున్నవారి దగ్గర మొత్తం 1 షిల్లింగ్ వసూలు చేసేవారు. చిక్కంతా ఇక్కడే: వెలిసిన ఎరుపు గోధుమ రంగుకి తిరిగి, పసుపు బల్బు కింద నల్లగా కనబడుతుంది. పగటి వెలుతురులో పదింతల భూతద్దంతో అంకె అంచులు చూడండి. తడి దూది మాత్రం తగిలించొద్దు.

న్యూయార్క్ గుండ్రటి ముద్రలో ఉండేది సాధారణంగా ఓడ బయలుదేరే తేదీ. దాన్ని కునార్డ్ ప్రయాణ పట్టికతో పోల్చండి. లండన్ ఎర్ర పెయిడ్ ముద్ర 10–14 రోజుల తర్వాతదైతే లెక్క కుదిరినట్టే. ఇంకో ఉత్తరం మీద 38 కనిపిస్తే కంగారుపడకండి, అది అర ఔన్సు దాటి ఔన్సు లోపున్న బరువు. దానికి 48 కట్టి ఉండాలి.