ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రోజు: పడుకోవాలా, తిరగాలా?

డల్లాస్ నుంచి రాత్రి ఫ్లైట్‌లో వెళ్లి ఉదయాన్నే ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగుతున్నాం, హోటల్ గది మూడింటికి గానీ ఇవ్వరు, ఆ రోజు వృథా కాకుండా ఏం చేయొచ్చు అని అడిగారు. మేమిద్దరం కూడా డల్లాస్ నుంచే, మే నెలలో, అచ్చం ఇలాగే వెళ్లాం.

ముందుగా ఒక్క మాట. ఆ రోజుకి టైం వేసిన టికెట్ ఏదీ కొనకండి. అక్కడ ఉదయం తొమ్మిదైతే మన ఒంటికి రాత్రి రెండు. మేం తెలియక మధ్యాహ్నం ఒంటిగంటకి ఊళ్లో కాలవల మీద తిప్పే అద్దాల పడవ బుక్ చేశాం. లోపల వెచ్చగా ఉంది, పడవ మెల్లగా ఊగుతోంది. రెండో వంతెన దాటేలోపే మావారు నా భుజం మీద వాలి నిద్రపోయారు. కాసేపటికి నాకూ కళ్లు మూతలు పడ్డాయి. ఎన్నో ఏళ్లుగా అనుకున్న ప్రయాణం, చూడకుండానే దిగిపోయామని ఆయన చాలా బాధపడ్డారు.

అదే ఆ ఉదయం నడిచిన రెండు గంటలూ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. స్కిఫోల్ ఎయిర్‌పోర్టు కిందే రైల్వే స్టేషన్ ఉంది, ఊళ్లోకి పావుగంట. ట్యాప్ చేసే బ్యాంకు కార్డు ఉంటే చాలు, దిగాక మళ్లీ ట్యాప్ చేయడం మరవద్దు. సామాను హోటల్లో ఇచ్చేసి నేరుగా కాలవ గట్టుకి వెళ్లండి. ఎండ తగిలితే మత్తు కొంత వదులుతుంది. ఎర్రగా కనిపించే దారి సైకిళ్లది. నిద్రకళ్లతో అందులోకి అడుగు పెట్టకండి, చాలా వేగంగా వస్తారు.

మేం ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే కాలవ ఒడ్డున, వెస్టర్‌కెర్క్ చర్చి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. పావుగంటకోసారి గంటలు మోగుతుంటే కునుకు పట్టే వీల్లేదు. ఎదురుగా ఒక ఇంటి పైకప్పు కింద దూలానికి ఇనుప కొక్కెం, దానికి తాడు. ఇద్దరు మనుషులు సోఫాని ఆ తాడుతో పైకి లాగి మూడో అంతస్తు కిటికీలోంచి లోపలికి తీసుకున్నారు. ఆ ఇళ్లలో మెట్లు అంత ఇరుకు. సామాను గోడకి రాసుకోకూడదని చాలా ఇళ్లని కావాలనే కాస్త ముందుకి వాల్చి కట్టారట. కింద నీళ్లలో ఒక నల్లటి నీటికోడి పుల్లలతో పాటు ప్లాస్టిక్ ముక్కలు కూడా ఏరుకొచ్చి గూడు కట్టుకుంటోంది. ఎంతసేపు చూశామో!

గ్రాఖ్ట్ అంటే కాలవ. 1613లో తవ్వడం మొదలుపెట్టిన ఈ వరసలో దొరల కాలవ, చక్రవర్తి కాలవ, రాకుమారుడి కాలవ పక్కపక్కనే ఉంటాయి. దొరల కాలవ, అంటే హెరెన్‌గ్రాఖ్ట్, మీద నడుస్తుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. నాది బందరు. మా దగ్గర వలందపాలెం ఉంది, వలందులంటే డచ్చివాళ్లే. 1600ల మొదట్లోనే వచ్చి గిడ్డంగి పెట్టి, మన అద్దకం బట్టలు ఓడలకెత్తుకున్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఆ వ్యాపారుల ఊళ్లో, వాళ్ల ఇళ్ల ముందు నిలబడితే మనసు ఎలాగో అయిపోయింది. అమ్మకి అక్కణ్నుంచే ఫోన్ చేశాను.

గది ఇచ్చాక పడుకోండి, కానీ గంటకి మించొద్దు. అలారం ఫోన్‌ని మంచానికి దూరంగా పెట్టండి. లేచి, వేడి స్ట్రోప్‌వాఫెల్ దొరికితే తినండి. రెండు పల్చటి పొరల మధ్య కారుతున్న పాకం, ఆల్బర్ట్ కౌప్ బజార్లో అప్పటికప్పుడు వేసిస్తారు.

పడవ రాత్రికి పెట్టుకోండి, పైకప్పు లేనిది. మే నెలాఖర్లో తొమ్మిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. మేం ఆ రాత్రే మళ్లీ డబ్బులు కట్టి ఎక్కాం. రెగులియర్స్‌గ్రాఖ్ట్ మలుపులో ఏడు వంతెనలు ఒకదాని వెనక ఒకటి, ప్రతి కమానుకీ దీపాలు. మావారు నా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్కటీ పైకే లెక్కపెట్టారు.

నీళ్ల మీద రాత్రి బాగా చలేస్తుంది, స్వెట్టర్లు పెట్టెలో అడుగున సర్దకండి.