అప్పు తీరిపోయింది చెల్లెమ్మా, ఇంకా వడ్డీ ఎవరికి కడుతున్నారు?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. నాకు 44 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థన చేస్తాను. శుక్రవారం ఉపవాసం, ఆదివారం సండే స్కూలు, దశమభాగం ఏనాడూ ఆపలేదు. ఎన్ని అధ్యాయాలు చదివానో, ఎన్ని గంటలు మోకరించానో ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ప్రార్థన మధ్యలో మనసు పక్కకు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. ఈ ఏడాది సాయంత్రం దాకా ఏమీ తినకుండా 40 రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకుని, జ్వరం వచ్చి 26వ రోజున ఆపేశాను. రెండు వారాలకే మా ఆయన ఆటో బోల్తాపడి కాలు విరిగింది. "దేవుడికిచ్చిన మాట మధ్యలో వదిలేస్తే ఇలాగే అవుతుంది" అన్నారు సంఘంలో ఒక పెద్దాయన. మందిరానికి ఇస్తానన్న కానుక కోసం నూటికి 2 రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి కట్టాను. ఉపవాసం మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాను, షుగర్ మాత్రలు కూడా ఆపేశాను. ఇంటర్ చదివే మా పాపను కూడా ఉండమని బలవంతం చేస్తే, "నీ దేవుడికి ఎంత చేసినా చాలదు" అని ఆరాధనకు రావడం మానేసింది. మా అత్తగారు లూథరన్ సంఘంలో పెరిగిన మనిషి. "ఆయన అంతా చేసేశాడు కదే, నీకెందుకు ఈ కష్టం" అంటారు. ఆమె మాట వింటే నా భక్తి చల్లారిపోతుందేమోనని భయం. నేను చేసింది చాలలేదా అక్కా?

— ఒక సోదరి

జవాబు: వందనాలు చెల్లెమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయం వేసిన మాట షుగర్ మాత్రలు ఆపేయడం. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను, దేవుడి మాట ఆ తర్వాత.

ఈ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మాత్రలు ఆపేస్తే షుగర్ పెరిగిపోతుంది. పోనీ మాత్ర వేసుకుని సాయంత్రం దాకా తినకుండా ఉందామంటే, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలకు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పిపోతారు. కాలు విరిగిన మనిషి మంచం మీద ఉన్న ఇంట్లో మీరు కూడా పడిపోతే ఎవరు చూస్తారు? డాక్టర్ గారికి ఉపవాసం సంగతి దాచకుండా చెప్పండి. ఈ ఉపవాసం ఇక్కడితో ఆపేయండి. ఆపమని చెప్పిన బాధ్యత నాది అనుకోండి, అలా అనుకుంటే మీకు తేలిక అయితే.

ఇప్పుడు మీ మనసును తొలిచేస్తున్న ప్రశ్న. 26వ రోజున ఆపినందుకే ఆయన కాలు విరిగిందా? లేదమ్మా. ప్రభువు కూడా ఇలాంటి ప్రశ్నే ఎత్తాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికన్నా ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు "ఎవరు చేసిన పాపం ఇది" అంటే, వీడూ కాదు వీడి కన్నవారూ కాదు అన్నాడు. మీ పెద్దాయన చెప్పిన మాట, కష్టాల్లో ఉన్న యోబుతో నీ పాపం వల్లే ఇదంతా అని అతని స్నేహితులు చెప్పిన మాటే. ఆ స్నేహితుల మీద దేవుడు చివరికి కోపగించుకున్నాడని మీకు తెలుసు, సండే స్కూల్లో పిల్లలకు చెప్పే ఉంటారు. ఆటో ఎందుకు బోల్తాపడిందో నాకు తెలియదు. మీ జ్వరం వల్ల మాత్రం కాదు.

"మొక్కుకుంటే చెల్లించాలి కదా" అని మీకు అనిపిస్తుందని తెలుసు. మాట తప్పడం వేరు, జ్వరంతో లేవలేకపోవడం వేరు. సరే, మీ లెక్కలోకే వస్తాను. అది పాపమే అనుకుందాం. మీ పాపాలన్నీ సిలువ మీద మోసిన ప్రభువు ఆ ఒక్కటి మాత్రం కింద వదిలేసి వెళ్లాడా?

మీ నోటుబుక్కు గురించి చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక అప్పు ఉండేది. నాన్న ప్రామిసరీ నోటు రాసిచ్చారు. రెండేళ్లు పంట పోయింది, వడ్డీ మీద వడ్డీ పెరిగింది. ఆఖరికి మా మేనమామ, అమ్మ తమ్ముడు, తన ఎడ్ల జత అమ్మి ఆ బాకీ మొత్తం ఒకేసారి కట్టేశాడు. సాయంత్రం నోటు తీసుకుని ఇంటికొచ్చాడు. రెవెన్యూ స్టాంపు మీద నాన్న సంతకం ఉన్న ముక్క చింపేసి ఉంది. దాన్ని అమ్మ చేతిలో పెట్టి, "అయిపోయింది అక్కా" అన్నాడు. అమ్మ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

అయినా అమ్మ ఆ తర్వాత కూడా ఆ షావుకారు వీధిలోంచి వెళ్లేది కాదు. చెరువుకు వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళ్లేది. పోపుల డబ్బాలో మెంతుల కింద పావలాలు, అర్ధరూపాయలు దాచేది. ఎందుకంటే "ఏమో, ఎప్పుడైనా మళ్లీ అడిగితే" అనేది. ఒకసారి మామయ్య వచ్చినప్పుడు నేనే వాగాను ఆ డబ్బుల సంగతి. చిన్నపిల్లని, నాకేం తెలుసు. మామయ్య మొహం నల్లబడిపోయింది. భోజనం ముందు కూర్చున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను కట్టింది చాలలేదనా అక్కా?" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీ ఉత్తరం చివర కూడా "చాలలేదా" అనే ఉంది. మీరు అడుగుతున్నది మీరు చేసింది చాలలేదా అని. కానీ చెల్లెమ్మా, ఆ నోటుబుక్కు ప్రతి రాత్రీ వేరే మాట అడుగుతోంది. ఆయన చేసింది చాలలేదా అని.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం తెరవండి. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి, దాని మీద చేవ్రాతను తుడిచివేశాడని 14వ వచనంలో ఉంది. నోటు రాసిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఆ వచనం విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రభువు సిలువ మీద "సమాప్తమైనది" అన్నాడు. గ్రీకులో అది ఒక్కటే మాట, తెతెలెస్తాయ్. ఆ క్రియారూపానికి అర్థం, పని జరిగి ముగిసింది, ముగిసినదిగానే ఇప్పటికీ నిలిచి ఉంది అని. మిగిలింది మీరు పూర్తి చేసుకోండి అని ఆయన అనలేదు. నీతి ధర్మశాస్త్రం వల్లనే వచ్చేదైతే క్రీస్తు చనిపోయినది నిష్ప్రయోజనమే అని పౌలు గలతీయులకు అంత గట్టిగా రాసింది మీలాంటి భక్తిపరులకే, దేవుణ్ని లెక్కచేయని వాళ్లకు కాదు.

ఇంకొకటి చూడండి. ఇశ్రాయేలీయులు ఆరాధించిన ప్రత్యక్ష గుడారంలో ఏమేం ఉండాలో నిర్గమకాండంలో ఉంది కదా. దీపస్తంభం, రొట్టెల బల్ల, ధూపవేదిక. కుర్చీ లేదు. యాజకుడికి కూర్చునే వీలే లేదు, ఎందుకంటే ఆ పని అయిపోయేది కాదు. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం ఆ మాటే చెప్తుంది. ప్రతి యాజకుడు దినదినం నిలబడి అవే బలులు అర్పిస్తూ ఉంటాడు, ఈయన మాత్రం పాపాల కోసం ఒకే బలి అర్పించి కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడమ్మా. మీరు 4 గంటల నుంచి నిలబడే ఉన్నారు.

మీ అత్తగారి మాట తేలిగ్గా తీసుకోకండి. ఆమె వెనక పెద్ద చరిత్ర ఉంది. లూథరన్ సంఘాలకు ఆ పేరు వచ్చింది మార్టిన్ లూథర్ వల్లే. 1505లో, జర్మనీలో, యువకుడిగా ఉన్న లూథర్ ఉరుములకు, పిడుగుకు భయపడి మొక్కుకుని ఎర్ఫర్ట్‌లో మఠంలో చేరాడు. చూడండి, ఆయనదీ భయంలో చేసుకున్న మొక్కే. ఉపవాసాలు, జాగరణలతో ఒళ్లు పాడు చేసుకున్నాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, ఒప్పుకుని బయటికొచ్చాక ఏదో మర్చిపోయానని మళ్లీ వెళ్లేవాడు. మీరు ప్రార్థన మొదటి నుంచి మొదలుపెట్టినట్టే. "దేవుని నీతి" అనే మాట వింటేనే ఆయనకు శిక్ష గుర్తొచ్చేది. రోమా పత్రికలో "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అన్న మాట మీద రాత్రింబగళ్లు ఆలోచించి, ఆ నీతి దేవుడు మన దగ్గర వసూలు చేసేది కాదు, మనకు ఉచితంగా ఇచ్చేది అని గ్రహించాడు. పరలోకపు తలుపులు తెరుచుకున్నట్టు అనిపించిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు మీ గుంటూరుకు మోసుకొచ్చింది ఆ మాటనే. మీ అత్తగారి నోట వస్తున్నదీ అదే. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, మీకు ఆ ధైర్యం ఎలా వచ్చిందత్తయ్యా అని అడగండి. నాకు తెలిసి చాలా సంఘాల్లో ఇలాంటి పెద్దావిడల దగ్గర ఉన్న నెమ్మది ప్రసంగాల్లో దొరకదు.

ఇక మీ భయం, భక్తి చల్లారిపోతుందేమోనని. మా మామయ్య భోజనం ముందు చెయ్యి వెనక్కి తీసుకున్న ఆ రోజు అమ్మ పోపుల డబ్బా బోర్లించి ఆ చిల్లరతో మా అందరికీ బెల్లం జీళ్లు కొనిపెట్టింది. ఆ తర్వాత ఏటా ఎండాకాలం మామయ్యకి ఒక జాడీ ఆవకాయ వెళ్లేది. మొదటి జాడీ, మంచి కాయలతో పెట్టినది. అది బాకీ కింద జమ అని అమ్మ ఎప్పుడూ అనుకోలేదు, మామయ్యా అనుకోలేదు. ఎఫెసీ పత్రికలో "క్రియలవలన కలిగినది కాదు" అన్న వెంటనే, మంచి పనుల కోసమే మనం సృష్టించబడ్డామని కూడా ఉంది. ఆ రెండు వచనాలూ ఎందుకు పక్కపక్కన ఉన్నాయో నాకు ఆ జాడీ చూశాకే అర్థమైంది. మీరు ప్రార్థన మానరు. కాకపోతే అటెండెన్స్ వేయించుకోవడానికి వెళ్లరు.

నోటుబుక్కు చింపేయమని నేను చెప్పను, మీకు భయం వేస్తుంది. ఒక నెల అందులో ఏమీ రాయకండి. మనసు పక్కకు పోతే పోనివ్వండి, ఎక్కడ ఆగారో అక్కడి నుంచే కొనసాగించండి, మొదటికి వెళ్లకండి. మొదటి వారం చాలా టెన్షన్‌గా ఉంటుంది. ఆ టెన్షన్ దేవుడి గద్దింపు అనుకోవద్దు, ఏళ్ల తరబడి పడిన అలవాటు పెట్టే గోల అది. అయినా మళ్లీ మళ్లీ మొదలుపెట్టకుండా ఉండలేకపోతున్నా, నిద్ర పట్టకపోయినా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు ఒకటుంది, భక్తి రూపంలో కూడా వస్తుంది, మందులతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. వైద్యం చేయించుకుంటే విశ్వాసం లేనట్టు కాదు. మీ ఆయన కాలికి కట్టు కట్టించారు కదా.

వడ్డీ డబ్బు సంగతి. 20,000కి నెలకు 400, ఏడాదికి 4,800 మీ పిల్ల చదువులోంచి, ఆయన మందుల్లోంచి పోతోంది. మీ శక్తికి మించి దేవుడు అడగలేదు. ఉన్న కొలదినే ఇవ్వమని, బలవంతంగా కాకుండా ఇవ్వమని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. పాస్టర్ గారి దగ్గరికి మీవారి తరఫు పెద్దవాళ్లు ఒకరిని తీసుకుని వెళ్లి, ఇంటి పరిస్థితి ఇదీ, ఈ డబ్బు అప్పు చేసి తెచ్చామని చెప్పండి. మంచి కాపరి అయితే ఆయనే బాధపడి ఏదో దారి చూస్తారు. డబ్బు తిరిగి రాకపోతే గొడవ పడకండి, ఆటో మళ్లీ రోడ్డెక్కేదాకా కొత్తగా మాత్రం ఏమీ ఇవ్వకండి. ఆ పెద్దాయన మళ్లీ ఆ మాట ఎత్తితే సిలోయము గోపురం సంగతి చదివి వినిపించండి, మర్యాదగానే.

ఆఖరున మీ పాప. నాకు ఎక్కువ దిగులు ఆ పిల్ల గురించే. "నీ దేవుడికి ఎంత చేసినా చాలదు" అంది. ఆ పిల్ల దేవుణ్ని వద్దనలేదమ్మా, మీ నోటుబుక్కులో కనిపించిన దేవుణ్ని వద్దంది. ఆ దేవుణ్ని నేనూ నమ్మను. ఆమెను ఆరాధనకు రమ్మని ఇప్పుడే పిలవకండి. వచనాలు చెప్పకండి. "నిన్ను ఆ రోజు పస్తు ఉంచడం నా తప్పు. నా భయాన్ని నీ నెత్తిన పెట్టాను" అనండి. అంతే అని ఆగిపోండి, ఆ తర్వాత "కానీ" అన్న మాట రానివ్వకండి. ఆమె ఏమీ అనకుండా లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి.

శుక్రవారం రోజు ఆ పిల్లకు ఇష్టమైన కూర వండండి. ఆయన మంచం దగ్గరే చాప పరిచి, అత్తగారిని కూడా పిలిచి నలుగురూ కలిసి భోంచేయండి. మీరు వడ్డించి నిలబడకుండా, మీ కంచం కూడా పెట్టుకుని కూర్చోండి. డాక్టర్ ఏమన్నారో, పాప ఏమందో నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.