మడ ఆకుల రసం కొట్టాక టమాటా ఆకుల అంచులు మాడుతున్నాయంటే

ఆకుమచ్చ (ఆకుల మీద మచ్చలు పడే శిలీంధ్ర తెగులు) తగ్గాలని టమాటాకు మడ ఆకుల రసం కొడితే మచ్చ తగ్గలేదు, పైగా ఆకుల అంచులు మాడాయి అన్నారు. ఆ మాడటం తెగులు వల్ల కాకపోవచ్చు, చాలావరకు ఉప్పు వల్లే. మీరు వాడిన అవిసీనియా మడ చెట్టు తనలోని ఉప్పులో కొంత ఆకుల మీదికే వదులుతుంది. కడగకుండా నూరితే అదంతా రసంలోకి దిగుతుంది.

1. కోసిన ఆకులను మంచినీటిలో రెండు మూడుసార్లు కడగండి. అందరూ వదిలేసేది ఇదే. లోపలి ఉప్పు కడిగినా పోదు, అందుకే రసాన్ని బాగా పలుచన చేయాలి.
2. నీడలో ఆరబెట్టి పొడి చేయండి.
3. ఆ పొడితో తీసిన రసాన్ని పలుచన చేసి, ముందు రెండు మూడు టమాటా ఆకుల మీదే కొట్టి 48 గంటలు చూడండి. పక్కనే ఉత్త నీళ్లు కొట్టిన మొక్క ఒకటి ఉంచండి, లేకపోతే తేడా తెలియదు.

ఆకుమచ్చ తగ్గలేదన్నారు కదా, శిలీంధ్రాన్ని అడ్డుకునే పదార్థాల్లో చాలావాటిని ఆకు పొడి నుంచి రాబట్టడానికి నీటికన్నా ఆల్కహాల్ మేలు. అది పూర్తిగా ఆవిరయ్యాకే నీళ్లు కలిపి కొట్టండి. ముదిరిన మచ్చలు మాత్రం మానవు, ఆ ఆకులు తుంచేయండి.